మాథేరాన్ లాయాల్లో తెల్లవారుజాము

ముంబయికి తూర్పున, వంద కిలోమీటర్ల లోపు దూరంలో, సహ్యాద్రి కొండల మీద మాథేరాన్ అనే చిన్న ఊరుంది. మరాఠీలో ‘మాథా’ అంటే తల, ‘రాన్’ అంటే అడవి. కొండ నెత్తిన ఉన్న అడవి కనుక ఆ పేరు వచ్చిందంటారు. సముద్రమట్టానికి సుమారు 800 మీటర్ల ఎత్తు. 1850లో ఠాణా జిల్లా కలెక్టరుగా ఉన్న హ్యూ మాలెట్ అనే ఇంగ్లీషు దొర ఈ కొండను చూసి ముచ్చటపడ్డాక ఇది వేసవి విడిది అయింది. 1907లో నేరళ్ నుంచి కొండ మీదకు రెండడుగుల వెడల్పు పట్టాల మీద బొమ్మరైలు వచ్చింది. సర్ ఆదమ్‌జీ పీర్‌భాయ్ కుటుంబం సొంత డబ్బుతో వేయించిన లైను అది.

ఈ ఊరి ప్రత్యేకత ఏమిటంటే ఇక్కడికి కారు రాదు, స్కూటరు రాదు, బస్సు రాదు. రోగులను తీసుకుపోయే అంబులెన్సు వంటి వాటికి మాత్రమే మినహాయింపు. ఎంత పెద్దమనిషి అయినా దస్తూరీ నాకా దగ్గర బండి దిగాల్సిందే. అక్కడి నుంచి బజారు దాకా సుమారు మూడు కిలోమీటర్లు ఎర్రమట్టి దారి. నడవగలిగినవాళ్ళు నడుస్తారు, లేనివాళ్ళు గుర్రం ఎక్కుతారు. 2022 డిసెంబరు నుంచి కొన్ని బ్యాటరీ రిక్షాలు కూడా వచ్చాయి. అయినా మాథేరాన్ అంటే ఇప్పటికీ గుర్రమే. నాలుగు వందలకు పైగా గుర్రాలున్నాయి ఆ కొండ మీద. మనుషులనే కాదు, గ్యాస్ సిలిండర్లనూ కూరగాయల బస్తాలనూ కూడా అవే మోస్తాయి.

పనోరమా పాయింట్ దగ్గర సూర్యోదయం, షార్లెట్ చెరువు, పిసర్‌నాథ్ గుడి, కోతుల ఆగడాలు, బజారులో అమ్మే చిక్కీ, తోలు చెప్పులు — వీటి గురించి చాలామంది రాశారు. నేను మరో సంగతి రాస్తాను. అది ఆ గుర్రాలు రాత్రి నిలబడే చోటు, పొద్దున్నే ఆ చోటును బాగుచేసే మనుషులు.

వాసనతో మొదలైన సంగతి

కిందటి చలికాలం మా సంఘం తరఫున ఇరవై రెండు మందిమి మాథేరాన్ వెళ్ళాం. ముంబయిలో మూడు తరాలుగా స్థిరపడ్డ మావంటి తెలుగు కుటుంబాలకు ఇది రెండు రోజుల్లో వెళ్ళి రాగలిగిన కొండ. మాతో మా మరిది కూడా వచ్చాడు. సోలాపూరులో పశువైద్యుడుగా పనిచేసి ఉద్యోగ విరమణ చేసినవాడు. ఆయన లేకపోతే ఈ వ్యాసంలో సగం ఉండేది కాదు.

దస్తూరీ నాకా దాటగానే పిల్లలు ముక్కులు మూసుకున్నారు. ఎర్రదుమ్ములో ఎండిన గుర్రపు లద్దె కలిసి గాలిలో లేస్తోంది. “పట్నంలో పెట్రోలు వాసన వద్దని వస్తే ఇక్కడ ఇదా?” అని మా వెంట ఉన్న ఒక పెద్దావిడ విసుక్కుంది. మరిది నవ్వి, “ఇది బయటి వాసన పిన్నిగారూ, దీంతో గుర్రానికి పెద్ద నష్టం లేదు. లాయంలో వాసన ఎలా ఉందన్నదే అసలు ప్రశ్న. వాసన లేని లాయం చూపిస్తే ఆ గుర్రం ఎక్కొచ్చు” అన్నాడు.

మేము దిగిన బసకు వెనకాల, నేరేడు చెట్ల కింద ఒక లాయం ఉంది. రేకుల కప్పు, మూడు వైపుల నడుము ఎత్తు గోడ, మూడు గుర్రాలు. వాటి యజమాని అరవై దాటిన మనిషి. అందరూ చాచా అని పిలుస్తారు కనుక మేమూ అలాగే పిలిచాం. పొద్దున ఐదు గంటలకు మా గది కిటికీలోంచి లాంతరు వెలుగు, చీపురు చప్పుడు. ఆ చప్పుడు నాకు చిన్నప్పుడు పాలమూరులో మా అమ్మమ్మగారింటి పశువుల కొట్టాన్ని గుర్తుకు తెచ్చింది. శాలువా కప్పుకుని మరిదిని వెంటబెట్టుకుని వెళ్ళాను.

పని జరిగే తీరు

చాచా ముందు గుర్రాలను బయటికి తెచ్చి చెట్టుకు కట్టాడు. లోపల గుర్రం ఉండగా ఊడిస్తే దుమ్మంతా దాని ముక్కులోకే పోతుందట. తరవాత నీళ్ళ బకెట్లు, దాణా తొట్లు బయట పెట్టాడు. రాత్రి మిగిలిన దాణా ఎంత, తాగిన నీళ్ళు ఎంత అని ఒక్కసారి చూసుకున్నాడు. “గుర్రం నోరు విప్పి చెప్పదు తాయీ. తొట్టి చెబుతుంది, లద్దె చెబుతుంది” అన్నాడు.

ఆ మాట నిజమేనని మరిది వివరించాడు. ఆరోగ్యంగా ఉన్న గుర్రం రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు లద్దె వేస్తుంది. అది ఉండలుగా ఉండి, నేల మీద పడగానే పగలాలి. మరీ గట్టిగా, చిన్నగా ఉంటే నీళ్ళు తక్కువ తాగిందని అర్థం. పలచగా ఉంటే కడుపు చెడిందని, గింజలు అలాగే కనిపిస్తే పళ్ళు చూపించాలని గుర్తు. రాత్రంతా ఏమీ వేయకపోతే మాత్రం అసలు ఆలస్యం చేయకూడదు. గుర్రానికి కడుపునొప్పి ప్రాణం మీదకు వచ్చే జబ్బు. గుర్రం వాంతి చేసుకోలేదు, కడుపులో ఏం చిక్కుకున్నా బయటికి రాదు. కనుక పొద్దున లద్దె ఎత్తేవాడే ఆ గుర్రానికి మొదటి వైద్యుడు.

తరవాతి పని లద్దె ఉండలను పంగలకర్రతో ఎత్తి గంపలో వేయడం. అక్కడ కొంత నేర్పు కావాలి. గడ్డిని కొద్దిగా ఎగరేసి జాడిస్తే ఎండుగడ్డి పైన నిలుస్తుంది, లద్దె కిందికి జారుతుంది. మంచి గడ్డిని గోడల వారకు విసురుతూ పోయాడు. నడుమ తడి గడ్డి మిగిలింది. గుర్రం సాధారణంగా ఒకే చోట మూత్రం పోస్తుంది కనుక తడి అంతా ఒక దగ్గరే ఉంటుంది. ఆ తడిని అడుగు దాకా తీశాడు. పైపైన తీసి మీద కొత్త గడ్డి కప్పితే చూడటానికి బాగానే ఉంటుంది. “అది మురికి దుప్పటి మీద ఉతికిన దుప్పటి పరచడం” అన్నాడు చాచా.

తడి తీశాక నేల ఊడ్చాడు. నేల వెనక్కు కొద్దిగా వాలుగా ఉంది, చివర చిన్న కాలువ. తడి మచ్చల మీద పొడి సున్నం చల్లి కాసేపు ఆరనిచ్చాడు. ఆ లోపల గుర్రాల పని. కొక్కెం వంటి ఇనుప ముక్కతో ఒక్కొక్క డెక్క ఎత్తి అడుగున ఇరుక్కున్న మట్టి, రాళ్ళు గీకాడు. లాడం వదులైందేమో వేలితో తట్టి చూశాడు. ఒంటికి బ్రష్షు వేశాడు. ఇంతలో నేల ఆరింది. పాత మంచి గడ్డిని నడుమకు లాగి, పైన కొత్త గడ్డి కలిపి, గోడల వారన జానెడు ఎత్తు ఎక్కువ పేర్చాడు. గుర్రం పడుకుని దొర్లేటప్పుడు గోడకు ఆనుకుని కాళ్ళు ఇరుక్కుంటే తనంతట తాను లేవలేదు. ఆ గట్టు దాన్ని కాపాడుతుంది.

మూడు గుర్రాలకు గంటన్నర పట్టింది. సాయంత్రం గుర్రాలు తిరిగి వచ్చాక మళ్ళీ ఒకసారి లద్దె ఎత్తి గడ్డి సర్దాలి. పండుగ లేదు, జ్వరం లేదు, పెళ్ళి లేదు. ఏడాదిలో ప్రతి రోజూ రెండుసార్లు ఇది జరగాల్సిందే.

మోకాళ్ళ మీద కూర్చుని చూడండి

ఊడ్వక ముందు మరిది నన్ను లాయంలో ఒక మూలకు పిలిచాడు. “వదినా, ఇలా మోకాళ్ళ మీద కూర్చుని గాలి పీల్చండి” అన్నాడు. నిలబడ్డప్పుడు తెలియని ఘాటు కింద ముక్కుకు తగిలింది. కళ్ళు చెమర్చాయి. అది అమోనియా. మూత్రంలోని యూరియాను సూక్ష్మజీవులు విడగొట్టగా పుట్టే వాయువు. మనం నిలబడి చూసి, వాసన లేదులే అనుకుంటాం. గుర్రం మాత్రం తల వంచి కింది గడ్డే మేస్తుంది, పడుకుంటే ముక్కు నేల దగ్గరే ఉంటుంది. రోజూ ఆ గాలి పీల్చిన గుర్రానికి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. గుర్రం నోటితో గాలి పీల్చలేదు, దానికి ముక్కే దిక్కు. ఊపిరి సరిగా ఆడని గుర్రం కొండ ఎక్కలేదు. శుభ్రం చేశాక మళ్ళీ కూర్చోమన్నాడు. ఎండుగడ్డి వాసన తప్ప ఏమీ లేదు. “లాయం పరీక్ష ఇంతే. దీనికి యంత్రాలు అక్కర్లేదు” అన్నాడు.

రెండో సంగతి డెక్కలు. గుర్రం డెక్క అడుగున త్రికోణంలో మెత్తని భాగం ఉంటుంది. అడుగు వేసినప్పుడల్లా అదురును కొంత అది మింగుతుంది. దాని పక్క గాళ్ళలో తడి లద్దె రోజుల తరబడి ఇరుక్కుంటే కుళ్ళు పడుతుంది. నల్లగా, చెడు వాసనతో చీములాంటి పదార్థం వస్తుంది. మొదట్లో గుర్రం కుంటదు. ముదిరాక కుంటుతుంది. అప్పుడు వారాల తరబడి పని లేదు, యజమానికి సంపాదన లేదు. దీనికి మందు కన్నా పొడి నేల, రోజూ డెక్క గీకడం ముఖ్యం.

మూడో సంగతి నాకు పూర్తిగా కొత్త. గుర్రం నిలబడి నిద్రపోతుందని చిన్నప్పుడు బడిలో చదువుకున్నాం. అది సగం నిజమే. కాళ్ళలోని నరాలు, కీళ్ళ అమరిక వల్ల నిలబడి కునుకు తీయగలదు. గాఢనిద్ర మాత్రం పడుకుంటేనే పడుతుంది. రోజుకు ఏ అరగంటో అయినా అలా పడుకోవాలి. నేల తడిగా, గట్టిగా, ఇరుకుగా ఉంటే గుర్రం పడుకోదు. అలా చాలా రోజులు గడిస్తే నిలబడ్డ చోటే మోకాళ్ళు మడతపడి తూలుతుంది. మీద ఒక పిల్లవాడు కూర్చుని ఉండగా అలా జరిగితే ఏమవుతుందో ఊహించండి. పల్చటి పడక మీద పడుకున్నదానికి మోచేతుల దగ్గర, వెనక కాళ్ళ కీళ్ళ దగ్గర పుండ్లు పడతాయి. మంచి పడక గుర్రానికి ఎంత అవసరమో, దాని మీద ఎక్కే మనకూ అంతే అవసరం.

ఏ ఊరికి ఆ పడక

మాథేరాన్‌లో పడక కూడా తేలిగ్గా దొరకదు. కింద నేరళ్ వైపు నుంచి వచ్చే గడ్డి, రంపపు మిల్లుల చెక్క తరుగు దస్తూరీ నాకా దాకా బండి మీద వస్తాయి. అక్కడి నుంచి బస్తాలు ఎవరు మోయాలి? గుర్రమే. గుర్రం పడక గుర్రం వీపు మీదే ఇల్లు చేరుతుంది. అందుకే అక్కడ మంచి గడ్డిపోచ ఒక్కటి కూడా పారేయరు.

పడకకు ఏది వాడినా మూడు గుణాలుండాలట. తడి పీల్చాలి, దుమ్ము లేవకూడదు, గుర్రం తిన్నా హాని చేయకూడదు. మన వరిగడ్డి వెచ్చగా ఉంటుంది, కానీ తడి తక్కువ పీలుస్తుంది, ఆకలిగా ఉన్న గుర్రం పడకను కూడా మేసేస్తుంది. చెక్క తరుగు తడి బాగా పీలుస్తుంది. మెత్తని రంపపు పొట్టు మాత్రం దుమ్ము లేచి దగ్గు తెస్తుంది. వడ్ల ఊక చవకే, కానీ దుమ్ముంటుంది, తడిని అంతగా పట్టుకోదు. కొబ్బరి పీచు పొట్టు తడిని గట్టిగా పట్టుకుంటుంది. ఇసుక చల్లగా ఉంటుంది, తడి కిందికి దిగిపోతుంది. అయితే దాణా ఇసుక మీద వేస్తే గుర్రం ఇసుకను కూడా మింగుతుంది, అది పేగుల్లో చేరి కడుపునొప్పి తెస్తుంది. బూజు పట్టిన గడ్డి మాత్రం ఎక్కడా, ఎంత చవకగా దొరికినా పనికిరాదు.

వానాకాలం వస్తే ఈ లెక్కలన్నీ తలకిందులవుతాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సహ్యాద్రి మీద కురిసే వాన మన వాన కాదు. రోజుల తరబడి ఎండ ఉండదు, గాలిలోనే తడి. గడ్డి ఆరదు, నేల ఆరదు, గుర్రం ఒళ్ళూ ఆరదు. చాచా మే నెలలోనే గడ్డి కొని అటక మీద పేర్చుకుంటాడు. వానల్లో మామూలు కన్నా ఎక్కువ పడక కావాలి. సందర్శకులు తగ్గేదీ, రాబడి పడిపోయేదీ కూడా అప్పుడే. “సంపాదన ఉన్నప్పుడు గుర్రాన్ని అందరూ చూసుకుంటారు. ఆషాఢంలో చూసుకున్నవాడిదే గుర్రం” అన్నాడు. ఆ మాట మా అందరికీ నచ్చింది.

మనవాళ్ళకు తెలియని విద్య కాదు

ఈ పని తక్కువదని అనుకునేవాళ్ళు ఒక్కసారి మన పాత పుస్తకాలు చూడాలి. 1905లో మైసూరు ప్రాచ్య గ్రంథాలయంలో ఆర్. శామశాస్త్రిగారి కంటపడి, 1909లో అచ్చయిన కౌటిల్యుని అర్థశాస్త్రంలో అశ్వాధ్యక్షుని మీద ఒక అధ్యాయమే ఉంది. లాయం ఎంత విశాలంగా ఉండాలి, నేల మీద నున్నని చెక్కలు ఎలా పరచాలి, లద్దె, మూత్రం పోయేందుకు దారులు ఎలా ఉండాలి అన్నవన్నీ అందులో ఉన్నాయి. లాయం దగ్గర నెమళ్ళు, ముంగిసలు, చిలకలు, గోరువంకలు ఉండాలని కూడా చెప్పాడు. వంటవాడు, గడ్డి తెచ్చేవాడు, జూలు కత్తిరించేవాడు, విషవైద్యుడు — వీళ్ళతో పాటు లాయాన్ని చూసుకునే మనిషినీ ప్రత్యేకంగా లెక్కపెట్టాడు. ఎవరి పని వారు ఏ రోజుకారోజు చేయకపోతే జీతంలో కోత.

మహాభారతంలో నకులుడు విరాటరాజు కొలువులో దామగ్రంథి అన్న పేరుతో ఒక ఏడాది గుర్రాల పనే చేశాడు. నలుడు బాహుకుడై ఋతుపర్ణుని లాయంలో ఉన్నాడు. తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణ విలాసమని గుర్రాల మీద ఒక పద్యగ్రంథమే రాశాడు. కాకతీయుల కాలపు గంగయ సాహిణి పేరులోని ‘సాహిణి’ అన్న మాట అశ్వదళం చూసుకునే పెద్ద ఉద్యోగానిది. లాయం, లాడం, కళ్ళెం, జీను, లద్దె, దాణా — ఇన్ని మాటలు మన భాషలో ఉన్నాయంటే ఆ పని మనకు కొత్తది కాదన్నమాట. ఉలవలకు ఇంగ్లీషులో గుర్రపు గింజలని పేరు రావడం కూడా అందుకే. మా పిల్లలకు ఈ మాటల్లో సగం తెలియవు. ఆ పొద్దున లాయం దగ్గర నిలబెట్టి ఒక్కొక్కటీ చూపించి చెబితే రెండు నిమిషాల్లో వచ్చేశాయి.

గంపలో లద్దె ఎక్కడికి పోతుంది?

సగటు గుర్రం రోజుకు పదిహేను, ఇరవై కిలోల లద్దె వేస్తుంది. మాథేరాన్ గుర్రాలు కొంచెం చిన్నవి. ఒక్కొక్కటి పన్నెండు కిలోలే అనుకున్నా, నాలుగు వందల గుర్రాలకు రోజుకు ఐదు టన్నుల దాకా తేలుతుంది. ఈ ఊరిని 2003లో పర్యావరణపరంగా సున్నితమైన ప్రాంతంగా ప్రకటించారు. ఊరికి చెరువులున్నాయి, అడవి ఉంది. లద్దెను వాలులోకి తోసేస్తే మొదటి వానకే అది నీళ్ళలో కలుస్తుంది.

చాచా తన గంపలను లాయానికి దూరంగా, గాలి వాటుకు దిగువన, గుంటలో వేసి పైన ఎండుటాకులు కప్పుతాడు. మరిది చెప్పినదాని ప్రకారం బాగా పేర్చిన కుప్ప లోపల వేడి 55, 60 డిగ్రీల దాకా పోతుంది. ఆ వేడికి నులిపురుగుల గుడ్లు, కలుపు గింజలు చస్తాయి. కొన్ని నెలల్లో మంచి ఎరువు తయారవుతుంది. అదే లద్దె లాయం పక్కనే పచ్చిగా పడి ఉంటే ఈగలు పెరుగుతాయి. వేసవిలో ఈగ గుడ్డు నుంచి ఈగ కావడానికి వారం, పది రోజులు చాలు. రోజూ ఎత్తి దూరంగా కుప్ప వేసి కప్పితే ఆ చక్రం తెగుతుంది. తడిసిన గడ్డిలో పెరిగే ఒక రకం ఈగ గుర్రం కాళ్ళను కుట్టి రక్తం తాగుతుంది. సర్రా అనే ప్రాణాంతకమైన జబ్బును మోసేవి ఇలాంటి కుట్టే ఈగలే.

ఇంకో ముఖ్యమైన మాట. గుర్రపు లద్దెలో ధనుర్వాతం తెచ్చే సూక్ష్మజీవులు ఉంటాయి. అలాంటి దారుల్లో మోకాలు చెక్కుకుపోతే సబ్బుతో కడిగి ఊరుకోకూడదు. టెటనస్ టీకా ఎప్పుడు వేయించుకున్నామో చూసుకుని డాక్టరును అడగాలి. లాయంలో పనిచేసేవాళ్ళకు ఆ టీకా తప్పనిసరి. చాచా ఇంట్లో అందరికీ వేయించానని చెప్పాడు.

ఏం మిగులుతుంది?

చాచాకు ఒక్కడే కొడుకు. నేరళ్‌లో ఒక దుకాణంలో పని. వారానికి ఒకసారి పైకి వస్తాడు. మేము ఉన్న రోజు వచ్చాడు. “రిక్షాకు రాత్రి వైరు తగిలిస్తే చాలు. పొద్దున దాని కింద ఎత్తాల్సింది ఏమీ ఉండదు” అన్నాడు మాతో, తండ్రి వినేలా. మాట నిజమే. అయితే ఆ దారి కూడా వీళ్ళకు తేలిక కాదు. బ్యాటరీ రిక్షాలు అంతకుముందు చేత్తో రిక్షాలు లాగినవాళ్ళకే ముందు ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది. మనిషిని మనిషి లాగడం ఇక ఆపాలని, ఆరు నెలల్లో అది పోవాలని 2025 ఆగస్టులో గట్టిగా ఆదేశించింది. ఆ ఆదేశాన్ని ఎవరూ కాదనలేరు. చేత్తో లాగే రిక్షా పోవాల్సిందే. మరి గుర్రాలవాళ్ళు ఏం కావాలి? అమ్మేసి కొండ దిగిపోవాలంటాడు కొడుకు. గుర్రాలను ఎవరు కొంటారు, కొన్నవాడు ఎలా చూస్తాడు అంటాడు తండ్రి. ఇద్దరి మాటలోనూ న్యాయముంది.

మా ముంబయి వాళ్ళకు ఇందులో ఒక పాఠం ఉంది. గేట్‌వే దగ్గర, మెరైన్ డ్రైవ్ మీద తిరిగిన విక్టోరియా గుర్రపు బళ్ళను మనమంతా ఎక్కినవాళ్ళమే. 2015 జూన్‌లో బొంబాయి హైకోర్టు వాటిని ఆపేయమంది. ఆ కేసులో బళ్ళ సంగతి ఎంత నడిచిందో, అనుమతులు లేని, శుభ్రత లేని లాయాల సంగతీ అంతే నడిచింది. మోటారు వచ్చి గుర్రపు బండిని వెనక్కు నెట్టింది నిజమే. కానీ గుర్రం పక్షాన ఎవరూ గట్టిగా నిలబడి మాట్లాడలేకపోవడానికి ఆ లాయాలే కారణం. గుర్రాన్ని నమ్ముకున్న బతుకు నిలవాలంటే ముందు గుర్రం నిలబడే చోటు బాగుండాలి. చాచాకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. “మా లాయాలు బాగుంటే మమ్మల్ని పొమ్మనేవాళ్ళకు ఒక కారణం తగ్గుతుంది తాయీ” అన్నాడు. అన్ని లాయాలూ ఆయన లాయంలా లేవని ఒప్పుకున్నది కూడా ఆయనే.

కొన్ని లాయాలు మేమూ చూశాం. గడ్డి లేని రాతినేల మీద, చీలమండల దాకా తడిలో నిలబడ్డ గుర్రాలు ఒకచోట కనిపించాయి. వాటి యజమానిని తిట్టడం తేలిక. గడ్డి ధర, నీటి కొరత, వానాకాలపు నాలుగు నెలల ఖాళీ కడుపు కూడా చూడాలి. ఊరుమ్మడిగా గడ్డి నిలవచేసే కొట్టు ఒకటి, లద్దె చేర్చే గుంటలు కొన్ని, నెలకోసారి పశువైద్యుడు — ఇవి ఉంటే చాలావరకు సర్దుకుంటుందని మరిది అభిప్రాయం.

వెళ్ళేవాళ్ళకు

ముంబయి నుంచి కర్జత్ లోకల్ ఎక్కితే సుమారు రెండు గంటల్లో నేరళ్. హైదరాబాదు, సోలాపూరు, బెంగళూరు వైపు నుంచి వచ్చేవాళ్ళు కల్యాణ్‌లో దిగి లోకల్ పట్టుకోవచ్చు. నేరళ్ నుంచి దస్తూరీ నాకాకు టాక్సీలున్నాయి. వానాకాలంలో నేరళ్ నుంచి బొమ్మరైలు ఆగిపోతుంది. పైన అమన్ లాడ్జి నుంచి మాథేరాన్ దాకా మాత్రం నడుస్తుంది. అక్టోబరు నుంచి మే దాకా మంచి కాలం. వృద్ధులుంటే సామాను తక్కువ తీసుకుపోండి, మెత్తని బూట్లు వేసుకోండి.

గుర్రం ఎక్కే ముందు బేరం కన్నా ముందు చూడాల్సినవి కొన్నున్నాయి. కళ్ళలో నీరు, ముక్కులో చీమిడి, దగ్గు ఉన్నాయేమో చూడండి. నాలుగు అడుగులు నడిపించమని, కుంటుతోందేమో గమనించండి. కాళ్ళ కీళ్ళ మీద, జీను కింద పుండ్లు ఉన్నాయేమో అడగండి. వీలైతే, “మీ లాయం చూడొచ్చా?” అనండి. శుభ్రంగా ఉంచుకున్నవాడు సంతోషంగా చూపిస్తాడు. అలాంటి మనిషి నాలుగు రూపాయలు ఎక్కువ అడిగితే బేరమాడకండి. ఆ నాలుగు రూపాయలు ఆషాఢంలో గడ్డి అవుతాయి. బాగా బరువున్నవాళ్ళు నడవడమే మంచిది, మనకూ గుర్రానికీ.

మైసూరులో ఉన్నవాళ్ళు దసరా ఊరేగింపులో అశ్వదళాన్ని చూస్తారు. బరంపురంలో, యానాంలో, కోయంబత్తూరులో ఉన్నవాళ్ళు ఏ పెళ్ళి బరాతులోనో, ఏ సముద్రపు ఒడ్డునో గుర్రాన్ని చూస్తారు. ముస్తాబైన గుర్రం మీద నుంచి చూపు ఒక్కసారి దాని డెక్కల మీదకు దించండి. ఆ పొద్దున దాని కింద ఎవరైనా ఊడ్చారో లేదో అక్కడే తెలిసిపోతుంది.